జాడ తప్పినవాడి ఖాతా

సముద్రం దాటిన తెలుగువారు: ధారావాహిక

దాచేపల్లి కళ్లాల్లో ఎండిన మిర్చి గుంటూరు యార్డు దాటాక ఏ దేశం చేరుతుందో పండించిన రైతుకు తెలియకపోవచ్చు. బంగ్లాదేశ్‌కు పోతుంది, శ్రీలంకకు పోతుంది, చైనా, థాయిలాండ్, మలేషియాలకూ పోతుంది. ఆ దేశాల్లో ప్రభుత్వాలు తలకిందులైతే ఆ దెబ్బ యార్డు దాకా తగులుతుంది. 2022లో శ్రీలంకలో విదేశీ మారకం అడుగంటింది. 2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్ ప్రధాని దేశం విడిచి వెళ్ళారు, బెనాపోల్ సరిహద్దులో లారీలు నిలిచిపోయాయి. అలాంటప్పుడు ఆగిన సరుకు గురించి, రావలసిన డబ్బు గురించి అడగడానికి ఎవరో ఒకరు ఉంటారు. సరుకుకు బిల్లు ఉంటుంది, బీమా ఉంటుంది, బ్యాంకు హామీ పత్రం ఉంటుంది. ఆ సరుకు వెంటనో, బాకీ వసూలుకో వెళ్ళిన మనిషి గొడవల్లో కనపడకుండా పోతే అతన్ని ఎవరు వెతకాలి? ఏ కాగితం పట్టుకుని వెతకాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల పెద్ద అనుభవం తెలుగువారికి ఒకటి ఉంది. అది బర్మా.

గత భాగంలో 1930 మే నెల రంగూన్ రేవు అల్లర్ల దగ్గర ఆగాం. ఆ తర్వాత పన్నెండేళ్లు తిరక్కుండానే బర్మాలోని భారతీయ సమాజం మొత్తం చెల్లాచెదురైంది. ఆ ప్రయాణంలో వేలమంది ఏమయ్యారో ఇళ్లకు తెలియలేదు. దీనికి యుద్ధం కారణమని, అడవి కారణమని, కలరా కారణమని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ఆ మూడూ మనుషుల్ని చంపిన మాట నిజం. కానీ చావు వేరు, జాడ తప్పడం వేరు. చనిపోయినవాడి పేరు, ఊరు, తేదీ, చోటు ఎవరో ఒకరు రాసి పెడితే అతను మృతుడు. ఎవరూ రాయకపోతే జాడ తప్పినవాడు. ఇక్కడ నేను చేస్తున్న వాదన ఇదే: బర్మా వెళ్ళిన తెలుగువాణ్ణి అక్కడికి చేర్చిన ఏర్పాటు అతని శ్రమను లెక్కపెట్టింది, అతని అప్పును లెక్కపెట్టింది, అతని ప్రాణాన్ని ఏ ఖాతాలోనూ ఎక్కించలేదు. అందుకే కల్లోలం వచ్చిన రోజు వెతకడానికి మొదటి కొస కూడా దొరకలేదు. ఈ లోటు యుద్ధం తెచ్చింది కాదు, అంతకు చాలా ముందునుంచీ ఉంది.

ముందు ఆ ఏర్పాటు ఎలాంటిదో చూడాలి. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. వారిలో తెలుగువారు లక్షన్నర దాటారు. రంగూన్ నగర జనాభా నాలుగు లక్షలైతే అందులో సగానికి మించి భారతీయులే. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆ నగరాన్ని రంగం అనేవారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల మీదుగా బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడల్లో డెక్కు మీద కూర్చుని వెళ్ళేవారు. 1920ల చివర్లో భారత రేవుల నుంచి రంగూన్‌కు ఏటా మూడు లక్షల మందికి పైగా వచ్చేవారు, ఇంచుమించు అంతమందీ తిరిగి పోయేవారు. ఓడ కంపెనీ వాళ్లను టిక్కెట్లుగా లెక్కపెట్టింది. రేవులోని ఆరోగ్యశాఖ టీకాలుగా లెక్కపెట్టింది. ఊరి నుంచి తీసుకెళ్ళిన మేస్త్రీ వాళ్లకిచ్చిన బయానాను, దాని మీద మిగిలిన బాకీని లెక్కపెట్టాడు. 1933లో ఇ.జె.ఎల్. ఆండ్రూ రంగూన్‌లోని భారతీయ శ్రామికుల గురించి రాసిన పుస్తకంలో ఈ మేస్త్రీ పద్ధతి వివరంగా కనిపిస్తుంది. రేవులో బస్తాలు మోసే వాడికీ, వడ్ల మిల్లులో పనిచేసే వాడికీ అసలు యజమానితో నేరుగా సంబంధం లేదు. యజమాని మేస్త్రీతో మాట్లాడతాడు, మేస్త్రీ కింది మేస్త్రీతో మాట్లాడతాడు, కూలి పైనుంచి కిందికి జారుతూ వచ్చి చివరి మనిషికి చేరుతుంది. ఆ చివరి మనిషి పేరు పై గదిలో ఎవరికీ అవసరం లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇదంతా కూలీల సంగతి, వ్యాపారి సంగతి వేరు కదా, వ్యాపారికి చిట్టా ఉంటుంది, ఆవర్జా ఉంటుంది, ఉత్తరాలుంటాయి, నలుగురిలో పేరుంటుంది అని. అది కొందరి విషయంలో నిజమే. తమిళ దేశపు నాట్టుకోట్టై చెట్టియార్లను చూడండి. వారి కొట్టు రంగూన్‌లో ఉన్నా, మొలమైన్‌లో ఉన్నా దాని తల చెట్టినాడులో ఉంటుంది. ఏజెంటును సాధారణంగా మూడేళ్లకని పంపుతారు, అతని లెక్కలు క్రమంగా సొంతూరికి చేరుతుంటాయి. 1930ల చివరికి దిగువ బర్మా సాగుభూమిలో ఇంచుమించు నాలుగోవంతు వారి చేతికి వచ్చిందంటే ఆ లెక్కల బిగువూ ఒక కారణం. అలాంటి కొట్టులో ఏజెంటు కనపడకపోతే మర్నాడే ప్రశ్న పుడుతుంది, ఎందుకంటే అతని వెనక మూలధనం ఉంది, దానికి సొంతదారు ఇంకొకడున్నాడు. తెలుగువారి వ్యాపారం ఈ తీరుది కాదు. కూలీల్ని సమకూర్చే మేస్త్రీ కాంట్రాక్టు, కూలీల బస్తీల్లో చిల్లర దుకాణం, చిన్నపాటి వడ్డీ వ్యాపారం, ఇవి ఎక్కువ. పెట్టుబడీ అతనిదే, గుమాస్తా అతనే, చిట్టా అతని పెట్టెలోనే. ఇంటికి చేరేది మనియార్డరు ఒక్కటే. అంటే వ్యాపారి బతికున్నాడనడానికి ఇంటి దగ్గర ఉన్న రుజువు పోస్టుమాను తెచ్చే ఆ రసీదే. పెట్టెతో పాటు మనిషి పోతే లెక్కా పోయింది, లెక్కను బట్టి మనిషిని వెతికే దారీ పోయింది. జాడ తప్పే విషయంలో ఇలాంటి చిన్న వ్యాపారి కూలీకన్నా ఒక మెట్టు కిందే ఉన్నాడని నా అభిప్రాయం. కూలీ గుంపులో ఉంటాడు, అదే ఊరివాళ్లు పదిమంది పక్కన ఉంటారు. వ్యాపారి గుంపుకు బయట ఉంటాడు.

1930 అల్లర్లు ఈ లోటును మొదటిసారి బయటపెట్టాయి. తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు, వారి బదులు బర్మీయులను పనిలోకి తీసుకున్నారు, రాజీ కుదిరాక ఆ బర్మీయులను పొమ్మన్నారు, మే 26న రక్తం పారింది. మృతులు నూట ఇరవై మంది అన్న లెక్క ఒకటుంది, దానికి రెండింతలూ అంతకు మించీ చెప్పే లెక్కలూ ఉన్నాయి. పట్టపగలు, ప్రభుత్వమూ పోలీసులూ ఆసుపత్రులూ అన్నీ పనిచేస్తున్న నగరంలో, యుద్ధం లేని కాలంలో మృతుల సంఖ్య ఇంతింత తేడాతో ఎందుకుంది? ఎవరు పనికి వచ్చారో పేర్ల పట్టీ ఉంటే ఎవరు రాలేదో తెలిసేది. పట్టీ లేదు. ఆ ఏడాది చివర్లో థరవడి ప్రాంతంలో మొదలైన సయా సాన్ తిరుగుబాటు కాలంలోనూ, 1938 జూలై అల్లర్లలోనూ భారతీయులు మళ్ళీ దెబ్బతిన్నారు. మూడుసార్లు హెచ్చరిక వచ్చినా పట్టీ మాత్రం రాలేదు. మధ్యలో 1937 ఏప్రిల్ 1న బర్మా భారత పాలన నుంచి వేరుపడింది. అంతకుముందు రోజు దాకా రంగం వెళ్ళడమంటే ఇంకో రాష్ట్రానికి వెళ్ళడం. ఆ రోజు నుంచి అది విదేశం. అక్కడున్న వారిలో ఎందరికి ఈ మార్పు అర్థమైందో గాని, చట్టానికి మాత్రం అర్థమైంది. దాని ఫలితం కింద చూద్దాం.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రెండు రోజుల తర్వాత మళ్ళీ వేశాయి. రేవు కూలీలు వేలమంది ప్రోమ్ దారిపట్టి ఉత్తరంగా నడిచారు. వాళ్లు లేకపోతే రేవులో ఓడల సరుకు దిగదు కనక అధికారులు వెళ్ళి నచ్చజెప్పి చాలామందిని వెనక్కి తెచ్చారు. ఆ క్షణంలో కూడా ప్రభుత్వానికి వాళ్లు శ్రమగానే కనపడ్డారనడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. అప్పటికే కొందరు ఓడల్లో బయటపడ్డారు, మిగిలినవారికి కాలినడకే దిక్కైంది. ఒక దారి ప్రోమ్ నుంచి కొండలు దాటి తౌంగుప్‌కు, అక్కడి నుంచి అక్యాబ్, చిట్టగాంగ్‌లకు. ఇంకోటి మాండలే మీదుగా చింద్విన్ నది దాటి టాము, ఇంఫాల్, దిమాపూర్‌లకు. అన్నిటికన్నా ఘోరమైనది హుకాంగ్ లోయ, పాంగ్సౌ కనుమ మీదుగా అస్సాంలోని లీడోకు. వానలు మొదలయ్యాక ఈ మూడో దారిలో పడ్డవారిది చెప్పలేని బాధ. మొత్తం నాలుగైదు లక్షల మంది బర్మా నుంచి భారతదేశం చేరారని చరిత్రకారుల అంచనా. 1975లో హ్యూ టింకర్ ఈ వలసను మరిచిపోయిన సుదీర్ఘ పాదయాత్రగా వర్ణిస్తూ వ్యాసం రాసేదాకా పండితలోకం కూడా దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. దారిలో మరణించినవారి సంఖ్య పదివేలని ఒకరు, యాభైవేలని ఒకరు, అంతకన్నా ఎక్కువని మరొకరు అంటారు. ఒకే ఘటనకు అంచనాలు అయిదు రెట్లకు పైగా తేడాగా ఉన్నాయంటే అసలు లెక్కే జరగలేదని అర్థం.

అడవిలో, కలరాలో, బాంబుల కింద ఎవరు మాత్రం పేర్లు రాస్తారు అని అడగవచ్చు. ఇది బలమైన అభ్యంతరం. దీనికి జవాబు బర్మాలోనే ఉంది. ఆనాటి రంగూన్, నేటి యాంగోన్‌కు ఉత్తరాన తౌక్యాన్‌లో యుద్ధ శ్మశానం ఉంది. అక్కడి రంగూన్ స్మారకం స్తంభాల మీద ఇంచుమించు 27,000 మంది సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. వీళ్లంతా సమాధి లేనివారు, ఎక్కడ పడిపోయారో తెలియనివారు, శరీరం దొరకనివారు. వారిలో చాలామంది భారతీయులు. అదే అడవి, అదే వాన, అదే శత్రువు. తేడా ఒక్కటే: ప్రతి సైనికుడికీ ఒక రెజిమెంటు ఉంది, ఆ రెజిమెంటుకు పేర్ల పట్టీ ఉంది, సాయంత్రం పేరు పిలిస్తే పలకనివాడు ఎవరో ఆ పట్టీ చెబుతుంది. కొన్ని వందల మైళ్ల దూరంలో సియాం–బర్మా రైలు మార్గం ఇదే విషయాన్ని ఇంకా కఠినంగా చెబుతుంది. అక్కడ పనిచేసిన యుద్ధ ఖైదీలు అరవై వేల పైచిలుకు, మరణించింది పన్నెండు వేల పైచిలుకు. జపాన్ సైన్యం కంటపడకుండా ఖైదీల అధికారులు పట్టీలు దాచారు. ఇవాళ కాంచనబురి శ్మశానంలో ఏడు వేలకు దగ్గరగా సమాధులున్నాయి, వాటిలో ఎక్కువ వాటి మీద పేర్లున్నాయి. అదే రైలు కట్ట మీద మలయా తోటల నుంచి, బర్మా పల్లెల నుంచి తెచ్చిన ఆసియా కూలీలు ఖైదీలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా పనిచేశారు. మలయా నుంచి వచ్చినవారిలో ప్రధానంగా తమిళులు, వారితో తెలుగువారూ ఉన్నారు. వారి మృతులు డెబ్భై వేల నుంచి లక్ష దాకా అని అంచనాలు. పేర్లు లేవు. ఒకే కట్ట, ఒకే జ్వరం, ఒకే కాపలాదారు. పేరు నిలవడానికీ పోవడానికీ కారణం అడవి కాదని చెప్పడానికి ఈ రెండు రుజువులు చాలనుకుంటాను.

ఇంకో వైపు నుంచి కూడా చూడవచ్చు. 1942లోనే పెద్ద తెల్లవారి కంపెనీలు తమవాళ్లను ఎలా తరలించాయి? బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ తన ఉద్యోగుల ఆడవాళ్లను, పిల్లలను ఏనుగుల సాయంతో టాము దారిన పంపింది. ఎలిఫెంట్ బిల్‌గా పేరుపొందిన జె.హెచ్. విలియమ్స్ ఆ పనిలో ఉన్నాడు. కంపెనీకి ఎవరెవరున్నారో తెలుసు కనక ఎవరు రాలేదో కూడా తెలిసింది. ఒకే దారిలో తెల్లవారికో వసతి, నల్లవారికో వసతి జరిగిందన్న ఆరోపణ ఆనాడే గట్టిగా వచ్చింది. వైస్రాయి కౌన్సిల్‌లో ప్రవాస భారతీయుల వ్యవహారాలు చూసే ఎం.ఎస్. అణే, హృదయనాథ్ కుంజ్రూ స్వయంగా సరిహద్దు దాకా వెళ్ళి చూసి వచ్చారు. గాంధీజీ ఈ వివక్షను ఆ ఏడాది వేసవిలో పదేపదే ఎత్తిచూపారు. క్విట్ ఇండియా ముందటి కోపంలో దీనికీ పాలుంది. వసతిలో తేడా గురించి చాలామంది రాశారు. పట్టీలో తేడా గురించి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. నా దృష్టిలో రెండోది లోతైనది. ఆకలితో నడిచినవాడు ఇంఫాల్ చేరితే అన్నం దొరుకుతుంది, కానీ ఏ పట్టీలోనూ లేనివాడు దారిలో పడిపోతే అతను పడిపోయినట్టు కూడా ఎవరికీ తెలియదు.

ఇక ఇంటి దగ్గర వెతుకులాట. కుటుంబాలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. వెతకడానికి వారికున్న సాధనం మనుషులే. కాందిశీకులుగా తిరిగి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగారు, ఫలానావాణ్ణి ఎక్కడ చూశావు, ఏ బస్తీలో, ఏ గుంపులో, ఏ నది దగ్గర అని. ఈ నోటిమాట వ్యవస్థను తక్కువ చేసి చూడకూడదు. ప్రభుత్వం చేయలేని పని అది చేసింది. కానీ అది పనిచేయాలంటే ఒకే ఊరి నుంచి ఎక్కువమంది బర్మాలో ఉండాలి. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో అది సాధ్యం. దాచేపల్లి ఉన్న పల్నాడు సంగతి వేరు. నాగార్జునసాగర్ కాల్వ రాకముందు ఇది మెట్ట ప్రాంతం. వానను నమ్ముకున్న పైర్లు, రేవుకు దూరం, మేస్త్రీల పట్టు తక్కువ. గుంటూరు జిల్లా నుంచి బర్మా వెళ్ళినవారు ఉత్తరాది జిల్లాలతో పోలిస్తే చాలా కొద్ది. అలాంటి చోటు నుంచి ఒంటరిగా వెళ్ళిన వ్యాపారిని ఎవరు చూసి ఉంటారు? చూసినా అతని ఊరు ఏదో చెప్పగలిగేవారెవరు? దీనికి తోడు 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. తీరపట్టణాల జనం లోపలి ఊళ్లకు తరలిపోయారు. బర్మా నుంచి వచ్చేవాడు దారిలో ఉన్నాడు, అతని కబురు అందుకోవలసినవాళ్లు కూడా ఇల్లు విడిచారు. ఉత్తరం రాసినా ఏ చిరునామాకు రాయాలి?

అంతర్జాతీయ ఏర్పాట్లేమీ లేవా అంటే, ఉన్నాయి, కానీ సైనికులకు. యుద్ధ ఖైదీల ఆచూకీ చూడడానికి జెనీవాలో రెడ్‌క్రాస్ కేంద్ర కార్యాలయం ఉంది. దాని ఆధారమైన 1929 ఒప్పందం ఖైదీలది, అదీ జపాన్ ఆమోదించనిది. మామూలు పౌరుల రక్షణకు, యుద్ధంలో విడిపోయిన కుటుంబాలు ఒకరినొకరు వెతుక్కోవడానికి చోటిచ్చిన ఒప్పందం 1949లో గాని రాలేదు. తమవాళ్లు ఏమయ్యారో తెలుసుకునే హక్కు కుటుంబాలకు ఉందని స్పష్టంగా రాసింది 1977 అదనపు ఒప్పందంలో. రంగం దారిలో తప్పిపోయినవారి భార్యాబిడ్డలకు ఈ రెండూ ఆలస్యమే.

వెతుకులాట విఫలమైతే నష్టం ఎవరిది? ఇక్కడే చట్టం తన అసలు రూపం చూపిస్తుంది. 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షను ప్రకారం, ఒక మనిషి గురించి అతని సమాచారం సహజంగా తెలియవలసినవారికి ఏడేళ్లు ఏ కబురూ లేకపోతే, అతను బతికే ఉన్నాడని వాదించేవారే దాన్ని రుజువు చేయాలి. అంటే 1942లో తప్పిపోయినవాణ్ణి చనిపోయాడని అనుకోవడానికి 1949 దాకా ఆగాలి. అప్పుడైనా ఏ తేదీన చనిపోయాడన్నది చట్టం ఊహించదు. ఆ తేదీ కావాలనేవారే దాన్ని రుజువు చేసుకోవాలి. సుప్రీంకోర్టు 2004లో ఒక బీమా కేసులో ఇదే సూత్రాన్ని మళ్ళీ చెప్పింది. దీని పక్కన 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టాన్ని పెట్టి చూడండి. వితంతువుకు భర్త ఆస్తిలో వాటా ఇవ్వడం ఆ రోజుల్లో పెద్ద ముందడుగు. వ్యవసాయ భూమికి అది వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది, మద్రాసు రాష్ట్రం 1947లో గాని దాన్ని భూమికి విస్తరించలేదు. అంతకన్నా ముందున్న అడ్డంకి ఇంకోటి: ఆ వాటా అడగాలంటే ఆమె వితంతువై ఉండాలి. జాడ తప్పినవాడి భార్య చట్టం కళ్లలో వితంతువు కాదు. సుమంగళి కూడా పేరుకే. ఏడేళ్లు ఆమెకు ఏ స్థితీ లేదు.

అదే సమయంలో అప్పిచ్చినవాడి స్థితి ఏమిటి? ప్రామిసరీ నోటుకు మామూలుగా మూడేళ్ల కాలపరిమితి. మూడేళ్లు దాటితే దావా నడవదు. కానీ 1908 కాలపరిమితి చట్టం 13వ సెక్షను ప్రతివాది బ్రిటిష్ ఇండియాకు బయట ఉన్న కాలాన్ని ఆ మూడేళ్ల లెక్కలోంచి మినహాయించింది. బర్మా 1937 ఏప్రిల్ దాకా బ్రిటిష్ ఇండియాలో భాగం, ఆ తర్వాత కాదు. కనక రంగం వెళ్ళి తప్పిపోయిన వ్యాపారి మీద అప్పు పత్రానికి గడియారం ఆగిపోతుంది. భార్య హక్కు ఏడేళ్లు వాయిదా పడితే అప్పిచ్చినవాడి హక్కు చెడకుండా భద్రంగా ఉంటుంది. ఎవరో కావాలని ఇలా రాశారని నేననడం లేదు. రెండు చట్టాలూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాలకు వచ్చినవి. రెంటినీ కలిపి చదివితే మాత్రం తెలిసేది ఇది: అప్పు బతికుండడానికి పకడ్బందీగా దారి వేసిన చట్టం, మనిషి బతికున్నాడో లేదో తెలుసుకునే బాధ్యత ఎవరి మీదా పెట్టలేదు. నా వాదనలో ఇది కీలకమైన ఆధారం. మేస్త్రీ చిట్టాలో ఉన్న లోటే శాసన గ్రంథంలోనూ ఉంది.

1942 వలస పక్కన బర్మా నుంచి జరిగిన రెండో వలసను ఉంచి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 1962 మార్చి 2న జనరల్ నె విన్ అధికారం పట్టుకున్నాడు. మరుసటి ఏడాది బ్యాంకులు, 1964 వసంతంలో దుకాణాలు ప్రభుత్వపరమయ్యాయి. ఆ ఏడాది మే 17న యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. భారతీయ వ్యాపారి ఒక్క రోజులో గల్లాపెట్టె ముందు నుంచి లేచి బయట నిలబడ్డాడు. ఆ తర్వాత కొన్నేళ్లలో లక్షకు పైగా భారతీయులు ఓడలెక్కి వచ్చేశారు. విశాఖ కంచరపాలెం ప్రాంతంలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. వారి పునరావాసం కోసం 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు పుట్టింది. ఈసారి వ్యాపారులు పోగొట్టుకున్నది ఆస్తి. జాడ తప్పినవారు 1942తో పోలిస్తే బహు తక్కువ. యుద్ధం లేదు కనకే అలా జరిగిందని అనవచ్చు, అందులో నిజముంది. అయినా ఇంకో తేడా కళ్లముందుంది. ఈసారి ప్రతివాడి దగ్గర విదేశీయుడిగా నమోదైన ధ్రువపత్రం ఉంది, రంగూన్‌లో భారత రాయబార కార్యాలయం ఉంది, ఓడెక్కేవారి పేర్లు రాసుకునే అధికారి ఉన్నాడు. దిగిన రేవులో మళ్ళీ పేరు రాసుకున్నారు. రెండు పట్టీల మధ్య ఉన్న మనిషి మాయం కావడం కష్టం.

ఇటీవలి ఘటనలు కూడా ఇటే మొగ్గు చూపుతాయి. 2014 జూన్‌లో ఇరాక్‌లోని మోసుల్‌లో తప్పిపోయిన 39 మంది భారతీయ కార్మికుల మరణం 2018 మార్చిలో గాని రూఢి కాలేదు. నాలుగేళ్లు కుటుంబాలు ఆశకూ భయానికీ మధ్య నలిగాయి. కానీ పేర్ల పట్టీ మొదటి రోజునుంచీ ఉంది కనకే సామూహిక సమాధిలో దొరికిన అవశేషాలను బంధువుల డీఎన్‌ఏతో సరిపోల్చి ఎవరు ఎవరో చెప్పగలిగారు. 2015 జూలైలో లిబియాలోని సిర్తేలో అపహరణకు గురైన ఇద్దరు తెలుగు అధ్యాపకులు 2016 సెప్టెంబరులో విడుదలయ్యారు. వారు విశ్వవిద్యాలయంలో పనిచేసేవారు, రాలేదని చెప్పడానికి సంస్థ ఒకటి ఉంది. ఉద్యోగికి అలాంటి వెన్ను ఉంటుంది. 1983 వలసల చట్టం కూడా ఉద్యోగానికి వెళ్ళేవారి గురించే. సొంత ఖర్చుతో, వ్యాపార వీసాతో, వారం పది రోజుల పని మీద వెళ్ళే చిన్న ఎగుమతిదారు ఆ చట్టం పరిధిలో లేడు. రేవు దాటిన రంగం వ్యాపారి ఎక్కడ నిలబడ్డాడో ఇతనూ అక్కడే నిలబడ్డాడు.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది, దాన్ని తప్పించుకోకూడదు. పట్టీ రక్షణే కాదు, పట్టు కూడా. బర్మాలో భారతీయుడి చేతిలో ఉన్న ఆ విదేశీ ధ్రువపత్రమే అతన్ని పరాయివాడిగా వేరుచేసి చూపింది. ఎవరి కొట్టు ఎవరిదో తెలిసిన ప్రభుత్వానికే దాన్ని లాక్కోవడం తేలిక. అందుకే ప్రతి మనిషి వివరమూ సర్కారు చేతిలో పెట్టడమే పరిష్కారమని నేననను. రంగూన్ స్మారకం మీది పేర్లు రెజిమెంటు పట్టీ నుంచి వచ్చాయి, రైలు మార్గం మీది పేర్లు తోటి ఖైదీలు దాచిన కాగితాల నుంచి వచ్చాయి. రెండుచోట్లా పట్టీ రాసినవాడు ఆ మనిషి పక్కవాడే. 1990లో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు కూడా అక్కడున్న భారతీయులు తమంతట తాము సంఘాలు కట్టి పేర్లు రాసుకున్నారు. లక్షా డెబ్భై వేల మంది దాకా స్వదేశానికి చేరడంలో ఆ పట్టీలు చాలా పనిచేశాయి. గుంటూరు యార్డులో ఎగుమతిదారుల సంఘాలున్నాయి, కమీషన్ ఏజెంట్ల సంఘాలున్నాయి. ఏ లారీ ఏ రోజున ఏ సరిహద్దు దాటిందో వారి దగ్గర కాగితం ఉంటుంది. దాని పక్కనే ఎవరు, ఏ దేశానికి, ఎన్నాళ్లకని, ఎవరిని కలవడానికి వెళ్ళారో, ఇంటి దగ్గర ఎవరికి కబురు పెట్టాలో రాసి ఉంచడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆ పుస్తకం సంఘం దగ్గర ఒకటి, ఇంట్లో ఒకటి ఉంటే, రాయబార కార్యాలయానికి ఫోను చేయవలసిన రోజున చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

వచ్చే భాగంలో మలయా రబ్బరు తోటల తెలుగువారి సంగతి. అక్కడ తోట యజమాని దగ్గర కూలీల పట్టీలున్నాయి. ఉన్నా రైలు మార్గానికి వెళ్ళినవారి పేర్లు ఎందుకు దక్కలేదన్నది అక్కడ తేల్చుకోవలసిన ప్రశ్న.